చిన్న కంపాల గుంపు.. ‘ఒక శాతం’ అంటే ఎంత?

ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నారు. ఛైర్మన్ మీ వైపు చూసి ఇలా అడిగారనుకుందాం: ‘మీరు జిల్లా కలెక్టర్. నిన్న పొద్దున్నుంచి మీ జిల్లాలో వందకు పైగా చిన్న చిన్న భూకంపాలు వచ్చాయి. ఒక్క ఇల్లూ కూలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ జనం రోడ్ల మీదే ఉన్నారు. పెద్దది వస్తుందా రాదా అని టీవీ వాళ్లు మైకులు పెట్టి అడుగుతున్నారు. ఏం చెబుతారు?’

దీనికి ఎక్కువ మంది నోట వచ్చే జవాబులు రెండే. ‘భయపడాల్సిన పని లేదని ధైర్యం చెబుతాను సార్’ అనేది ఒకటి. ‘వెంటనే అందరినీ ఖాళీ చేయిస్తాను సార్’ అనేది రెండోది. వినడానికి రెండూ బాగానే ఉంటాయి. రెండింటితోనూ ప్రమాదమే. ఎందుకో అర్థం కావాలంటే అమెరికాలో, కాలిఫోర్నియా దక్షిణ కొసన ఉన్న ఒక ఎడారి లోయను చూడాలి. అక్కడి అధికారులకు ఇది ఊహించుకునే ప్రశ్న కాదు. కొన్నేళ్లకోసారి నిజంగానే ఎదురవుతుంది.

సముద్రం కన్నా పల్లంలో..

ఆ లోయ నడుమ సాల్టన్ సీ ఉంది. పేరులో సముద్రం ఉన్నా నిజానికిది ఉప్పు సరస్సు. దీని నీటి మట్టం సముద్ర మట్టానికి సుమారు 70 మీటర్ల దిగువన ఉంటుంది. 1905లో కొలరాడో నది సాగునీటి కాలువకు గండి కొట్టి ఈ పల్లంలోకి మళ్లింది. ఆ గండి పూడ్చడానికి 1907 దాకా పట్టింది. ఈలోగా ఎడారిలో సరస్సు తయారైంది. దాని తూర్పు గట్టున బాంబే బీచ్ అనే చిన్న ఊరు ఉంది. పేరు చూసి మన ముంబై అనుకోకండి. దక్షిణాన వెస్ట్‌మోర్‌లాండ్, బ్రాలీ, ఎల్ సెంట్రో పట్టణాలు.

ఎల్ సెంట్రో అనగానే సివిల్ ఇంజినీరింగ్ వాళ్లకు ఏదో వెలగాలి. 1940 మే 18న అక్కడ 6.9 పరిమాణంతో వచ్చిన భూకంపాన్ని నమోదు చేసిన గ్రాఫ్‌నే స్ట్రక్చరల్ డైనమిక్స్ పుస్తకాల్లో ఇప్పటికీ ఉదాహరణగా ఇస్తున్నారు. పరీక్ష కోసం ఆ గ్రాఫ్‌తో కుస్తీ పట్టిన చాలా మందికి ఆ ఊరు ఎక్కడుందో మాత్రం తెలియదు.

ఇంతకీ అక్కడ భూమికి అంత గొడవేంటి? పసిఫిక్ పలక, ఉత్తర అమెరికా పలక ఒకదాన్నొకటి రాసుకుంటూ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో జరుగుతున్నాయి. మన గోళ్లు పెరిగే వేగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఈ జరుగుడులో ఎక్కువ భాగాన్ని మోసేది దాదాపు 1,200 కిలోమీటర్ల పొడవున్న సాన్ ఆండ్రియాస్ ఫాల్ట్. ఫాల్ట్ అంటే తెలుగు పాఠ్యపుస్తకాల్లో మీరు చదివిన ‘భ్రంశం’. ఆ ఫాల్ట్ దక్షిణ కొస సరిగ్గా బాంబే బీచ్ దగ్గర ఉంది. అక్కడ ఆగిపోయిన కదలికను, ఇంకా దక్షిణాన, కొంచెం పక్కకు జరిగి ఉన్న ఇంపీరియల్ ఫాల్ట్ అందుకుంటుంది. ఈ రెండింటి మధ్య నేల రెండు వైపులకీ లాగబడి సాగుతోంది, పల్చబడుతోంది, కుంగుతోంది. సముద్ర మట్టం కన్నా కిందికి దిగిన లోయ అలా వచ్చిందే. ఆ సాగుతున్న నేలలో నిచ్చెన మెట్లలా అడ్డంగా బోలెడన్ని చిన్న ఫాల్టులున్నాయి. ఈ పట్టీనే బ్రాలీ సీస్మిక్ జోన్ అంటారు. చిన్న భూకంపాల గుంపులకు ఇదే పుట్టిల్లు.

దీనికి తోడు కింద వేడి ఒకటి. పల్చబడిన నేల కింద, రెండు మూడు కిలోమీటర్ల లోతులోనే 300 డిగ్రీల సెల్సియస్ దాటిన ఉప్పునీరు ఉంది. దాని ఆవిరితోనే అక్కడ జియోథర్మల్ విద్యుత్ కేంద్రాలు నడుస్తున్నాయి. ఆ నీటిలో లిథియం కూడా పుష్కలంగా ఉండటంతో ఇప్పుడు బ్యాటరీ కంపెనీల కళ్లన్నీ ఈ లోయ మీదే ఉన్నాయి.

గుంపు అని ఎందుకంటారు?

మామూలుగా భూకంపాల క్రమం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక ప్రధాన కంపం, దాని వెనక అనంతర ప్రకంపనలు. రోజులు గడిచేకొద్దీ వాటి సంఖ్య తగ్గుతూ పోతుంది. ప్రధాన కంపానికి ముందు ఏవైనా వస్తే వాటిని పూర్వ ప్రకంపనలు అంటాం. గుంపులో, అంటే స్వార్మ్‌లో, ఇలా ఇంటికి పెద్దదంటూ ఒకటి కనిపించదు. దాదాపు ఒకే స్థాయి కంపాలు పదులు, వందల కొద్దీ ఒకే చోట వస్తాయి, కాసేపు ఆగుతాయి, మళ్లీ మొదలవుతాయి, పక్కకు జరుగుతాయి. గంటల్లో ముగియొచ్చు, నెలలు పట్టొచ్చు. ఫాల్టుల్లోకి చొరబడే నీరు, లేదా చప్పుడు లేకుండా నెమ్మదిగా సాగే జారుడు దీనికి కారణమని శాస్త్రవేత్తలు చెబుతారు. అగ్నిపర్వత ప్రాంతాల్లో అయితే నీటి స్థానంలో శిలాద్రవం ఉంటుంది. ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో 2005 సెప్టెంబరులో వచ్చిన గుంపు అలాంటిదే. అప్పుడు సుమారు 60 కిలోమీటర్ల పొడవున నేల చీలి, కొన్ని చోట్ల 8 మీటర్ల దాకా ఎడమైంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఏది ప్రధాన కంపం, ఏది పూర్వ ప్రకంపన అన్న పేర్లు అంతా అయిపోయాకే పెడతారు. 2019 జులై 4న ఇదే కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర 6.4 పరిమాణంతో భూకంపం వచ్చింది. ఇదే ప్రధాన కంపం అనుకున్నారు. మర్నాడు రాత్రి 7.1తో ఇంకొకటి వచ్చింది. దాంతో మొదటిది పూర్వ ప్రకంపన అయిపోయింది. అంటే గుంపు నడుస్తున్నప్పుడు అది వట్టి గుంపా, పెద్దదానికి ముందు నడిచే బలగమా అని చెప్పగలిగే పరికరం ఈ రోజుకీ ఎవరి దగ్గరా లేదు.

మాటల దగ్గర ఇంకో జాగ్రత్త. మన పత్రికల్లో ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3’ అని రాస్తుంటాం. ఈ వాక్యాన్ని పరీక్షలో మాత్రం రాయకండి. భూకంపం విడుదల చేసే శక్తిని కొలిచేది పరిమాణం, అంటే మాగ్నిట్యూడ్. ఒక భూకంపానికి ఒకటే పరిమాణం. తీవ్రత, అంటే ఇంటెన్సిటీ, ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. పెద్ద భూకంపాలకు ఇప్పుడు వాడేది రిక్టర్ స్కేలు కాదు, మూమెంట్ మాగ్నిట్యూడ్ స్కేలు.

‘చిన్నవి వస్తే మంచిదే’నా?

కుక్కర్ విజిల్ వేసి ఆవిరి వదిలినట్టు, చిన్న భూకంపాలు వస్తే లోపలి ఒత్తిడి తగ్గి పెద్దది రాదని చాలా మంది నమ్ముతారు. చదువుకున్నవాళ్లే ఈ మాట చెబుతుంటారు. లెక్క వేసి చూద్దాం. పరిమాణం ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఈ లెక్కన 7 పరిమాణం భూకంపం ఒక్కటి విడుదల చేసే శక్తికి సమానం కావాలంటే 4.3 పరిమాణం భూకంపాలు సుమారు 11 వేలు రావాలి. రోజుకొకటి చొప్పున ఆగకుండా వచ్చినా 30 ఏళ్లు పడుతుంది. కాబట్టి చిన్నవి పెద్దదాని బాకీ తీర్చలేవు. పైగా ఒక్కోసారి పక్క ఫాల్టును తట్టి లేపుతాయి.

సాల్టన్ లోయలోనే దీనికి రుజువుంది. 1987 నవంబరు 23న సరస్సు దక్షిణాన అడ్డంగా ఉన్న ఎల్మోర్ రాంచ్ ఫాల్ట్ మీద 6.2 పరిమాణంతో భూకంపం వచ్చింది. సుమారు 12 గంటల తర్వాత, దానికి తగిలి ఉన్న సూపర్‌స్టిషన్ హిల్స్ ఫాల్ట్ 6.6తో కదిలింది. నిచ్చెన మెట్టు కదిలితే నిట్రాయే కదిలింది. మరి ఈ అడ్డ ఫాల్టుల్లో కొన్ని నేరుగా సాన్ ఆండ్రియాస్ కొసకే తగిలి ఉంటే? అధికారులను నిద్రపోనివ్వని ప్రశ్న అది. సాన్ ఆండ్రియాస్ దక్షిణ భాగం పెద్ద ఎత్తున కదిలి సుమారు 300 ఏళ్లయింది. 2008లో అమెరికా జియలాజికల్ సర్వే ‘షేక్‌అవుట్’ పేరుతో ఒక ఊహా చిత్రం తయారుచేసింది. బాంబే బీచ్ దగ్గర మొదలైన చీలిక వాయవ్యంగా లాస్ ఏంజెలిస్ వైపు పాకుతూ వెళ్లి 7.8 పరిమాణం భూకంపంగా మారితే ఏమవుతుందన్నది దాని విషయం. సుమారు 1,800 మంది మరణిస్తారని, 50 వేల మంది గాయపడతారని, 20 వేల కోట్ల డాలర్ల నష్టం జరుగుతుందని అంచనా వేశారు.

సరస్సు అంచున ఒక చిన్న ఊరి కింద నేల చిటపటలాడితే, రెండు వందల కిలోమీటర్ల అవతలి మహానగరం ఉలిక్కిపడేది ఇందుకే.

2016 సెప్టెంబరు: ఒక వారం కథ

ఆ ఏడాది సెప్టెంబరు 26 పొద్దున బాంబే బీచ్ దగ్గర గుంపు మొదలైంది. వందకు పైగా కంపాలు వచ్చాయి. వాటిలో పెద్దది 4.3. ఎక్కడా నష్టం లేదు. మర్నాడు శాస్త్రవేత్తలు ఒక ప్రకటన ఇచ్చారు. రాబోయే ఏడు రోజుల్లో దక్షిణ సాన్ ఆండ్రియాస్ మీద 7 లేదా అంతకు మించిన భూకంపం వచ్చే అవకాశం 3,000లో ఒకటి నుంచి 100లో ఒకటి దాకా ఉందన్నారు. గుంపు లేని మామూలు వారంలో ఈ అవకాశం 6,000లో ఒకటి.

ఈ మూడు అంకెలను జాగ్రత్తగా చూడండి. ప్రమాదం రెట్టింపు అయ్యుండొచ్చు, లేదా 60 రెట్లు పెరిగి ఉండొచ్చు. ఆ రెండు కొసల మధ్య ఎక్కడో ఉందని చెప్పగలం తప్ప కచ్చితంగా ఇంత అని చెప్పలేం. అరవై రెట్లు పెరిగిందన్న హెడ్డింగ్ పెడితే జనం హడలిపోతారు. ‘99 శాతం ఏమీ జరగదు’ అన్న హెడ్డింగ్ పెడితే హాయిగా నిద్రపోతారు. రెండూ నిజమే. మీకు తెలిసిన భాషలో చెప్పుకుందాం. పోస్టుకు 6,000 మంది పోటీపడే పరీక్షకూ, పోస్టుకు 100 మందే ఉన్న పరీక్షకూ మీరు ఒకేలా చదవరు కదా! నూరు మందిలో ఒకరికి వచ్చే ఉద్యోగం మీకే వచ్చేసిందని ఇంట్లో చెప్పరు. అలాగని పుస్తకం తీయకుండా కూర్చోరు కూడా. ఒక శాతానికి తగిన స్పందన ఒకటుంది. ఊరు ఖాళీ చేయడం అందులో లేదు. బీరువాను గోడకు బిగించడం, మంచినీళ్లు, టార్చిలైటు సిద్ధంగా ఉంచుకోవడం, అగ్నిమాపక వాహనాలను షెడ్డు లోంచి బయటికి తీసి ఆరుబయట నిలపడం.. ఇవి ఉన్నాయి.

సాన్ బెర్నార్డినో నగరం ఇంకో అడుగు ముందుకేసి తన సిటీ హాల్‌నే రెండు రోజులు మూసేసింది. గుంపు సద్దుమణగడంతో సెప్టెంబరు 30నే అంచనాలను తగ్గించారు. వారం గడిచింది. పెద్దది రాలేదు. ‘నాన్నా పులి’ కథ గుర్తొచ్చిందా? నా ఉద్దేశంలో ఈ సందర్భానికి ఆ కథ సరిపోదు. కథలో పిల్లాడు లేని పులిని వచ్చిందన్నాడు. ఇక్కడ అధికారులు ‘పులి అడుగులు కనిపిస్తున్నాయి, వంద సార్లలో ఒక్కసారి పులే రావొచ్చు’ అన్నారు. ఏమీ జరగకపోతే ఆ మాట అబద్ధమైపోదు. సిటీ హాల్ మూసేయడం అతి అని కొందరనొచ్చు. కానీ ఆ భవనం గట్టి భూకంపానికి నిలుస్తుందా అన్న అనుమానం ముందే ఉంది. మరుసటి ఏడాది దాన్ని ఖాళీ చేశారు కూడా. ఎగతాళి చేయాల్సి వస్తే అంతకాలం అందులోనే ఆఫీసు నడిపినందుకు చేయాలి.

అదే లోయలో 2009 మార్చిలో 4.8, 2012 ఆగస్టులో 5.4, 2020 సెప్టెంబరులో 4.9, 2021 జూన్‌లో 5.3 గరిష్ఠ పరిమాణాలతో గుంపులు వచ్చాయి. ఏ ఒక్కటీ సాన్ ఆండ్రియాస్‌ను కదపలేదు. ఇన్నిసార్లు ఏమీ కాలేదు కాబట్టి ఈసారీ ఏమీ కాదనే ధీమా సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

ఆ ధీమా ఖరీదు ఎంతో ఇటలీలో తెలిసింది. లాక్విలా ఎడారి కాదు, కొండల మధ్య ఉన్న పాత నగరం. అక్కడ 2009 మొదటి నెలల్లో చిన్న కంపాల గుంపు జనాన్ని బెంబేలెత్తించింది. మార్చి 31న నిపుణుల సమావేశం జరిగింది. ప్రమాదమేమీ లేదన్న భరోసా జనంలోకి వెళ్లింది. ఏప్రిల్ 6 తెల్లవారుజామున 6.3 పరిమాణంతో భూకంపం వచ్చి 309 మంది చనిపోయారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఒక ప్రభుత్వాధికారికి కోర్టు ఆరేళ్ల చొప్పున జైలు శిక్ష వేసింది. 2014లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తలు ఆరుగురినీ నిర్దోషులుగా వదిలేసింది. అధికారి శిక్షను రెండేళ్లకు తగ్గించిందే తప్ప కొట్టేయలేదు. భూకంపాన్ని ముందే కనిపెట్టలేదని వాళ్లను బోనెక్కించారన్నది చాలా చోట్ల కనిపించే పొరపాటు. కేసు నడిచింది జనానికి ఇచ్చిన తప్పుడు ధైర్యం మీద. ‘భయపడాల్సిన పని లేదని చెబుతాను సార్’ అన్న మొదటి జవాబు ఎందుకు ప్రమాదమో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

మన దగ్గర..

ఎడారి, చురుకైన ఫాల్టులు, భూకంపాలు మూడూ కలిసిన చోటు మన దేశంలో కచ్. 1819లో అక్కడ వచ్చిన భూకంపం రణ్ మధ్యలో నేలను గట్టులా పైకి లేపింది. జనం దానికి అల్లా బంద్ అని పేరు పెట్టారు. 2001 జనవరి 26 నాటి భుజ్ విషాదం మీ సీనియర్లకు గుర్తుంటుంది. గుంపుల విషయానికొస్తే మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో 2018 నవంబరు నుంచి కంపాలు వరసపెట్టి వచ్చాయి. జనం రాత్రుళ్లు ఇళ్లలో పడుకోలేక టెంట్లలో గడిపారు. వాటిని అధ్యయనం చేసినవాళ్లలో మన హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో 2020 జనవరి 26న పులిచింతల ప్రాంతంలో 4.6, 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 పరిమాణంతో భూకంపాలు వచ్చాయి. అయితే సాల్టన్ లోయతో వీటిని ఒకే గాటన కట్టి రాయకండి. అది రెండు పలకల సరిహద్దు. మనది పలక లోపలి భాగం. ఇక్కడ ఒత్తిడి చాలా నెమ్మదిగా పోగవుతుంది, పెద్ద భూకంపాలు అరుదు. తేడా చెప్పి ఆ తర్వాత పోలిస్తే మార్కులు నిలబడతాయి.

ఇంకో లింకు శ్రీహరికోటలో ఉంది. 2025 జులై 30న అక్కడి నుంచి ప్రయోగించిన నాసా, ఇస్రోల ఉమ్మడి ఉపగ్రహం నిసార్ ప్రతి 12 రోజులకోసారి అదే నేలను రాడార్‌తో కొలిచి సెంటీమీటర్ల స్థాయి కదలికను కూడా పట్టేస్తుంది. సాల్టన్ లోయలో చప్పుడు లేకుండా సాగే జారుడు లాంటివి సీస్మోగ్రాఫ్‌కు చిక్కవు. వాటి జాడ తీయడానికి పనికొచ్చేది ఇలాంటి రాడారే. భూకంపం ఎప్పుడొస్తుందో నిసార్ చెబుతుందని మాత్రం రాయొద్దు, అది చెప్పలేదు.

సివిల్స్ మెయిన్స్ జీఎస్ మొదటి పేపర్లో భూకంపాలు, మూడో పేపర్లో విపత్తు నిర్వహణ ఉన్నాయి. గ్రూప్స్‌లోనూ విపత్తు నిర్వహణ తప్పదు. ఈ రంగంలోనే పనిచేయాలనుకుంటే ఉస్మానియా, ఆంధ్రా వర్సిటీల్లో జియోఫిజిక్స్ పీజీ ఉంది. గేట్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ పేపర్ ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పోస్టుల కోసం యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. పక్క సబ్జెక్టులతో పోలిస్తే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువే.

ఇక బోర్డు ముందుకు మళ్లీ వద్దాం. మైకు ముందు మీరు చెప్పగలిగింది ఇంతే: ‘నిన్నటి నుంచి వందకు పైగా కంపాలు వచ్చాయి. వీటిలో ఎక్కువ గుంపులు పెద్ద భూకంపం లేకుండానే ఆగిపోతాయి. ఈసారి కూడా అలాగే కావొచ్చు. కానీ రాబోయే ఏడు రోజులు పెద్దది వచ్చే అవకాశం మామూలు కన్నా పెరిగింది. రాదని నేను హామీ ఇవ్వలేను. పగుళ్లిచ్చిన ఇళ్లలో, పాత మట్టిగోడల ఇళ్లలో ఉన్నవాళ్లు స్కూలు మైదానంలో వేసిన టెంట్లలోకి రండి. మిగతావాళ్లు ఇంట్లోనే ఉండొచ్చు, మంచం పక్కన బరువైన సామాను పెట్టుకోకండి. కంపిస్తే పరుగెత్తకండి, బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోండి. రేపు సాయంత్రం ఐదింటికి మళ్లీ మీ ముందుకొస్తాను.’

బోర్డులో ఇంకో సభ్యుడు కళ్లజోడు సర్దుకుని అనుబంధ ప్రశ్న వేస్తారు: ‘వారం గడిచింది. ఏమీ రాలేదు. ఇప్పుడేం చేస్తారు?’ చాలా మంది ఇక్కడ తడబడతారు. హెచ్చరిక ఇచ్చినంత గట్టిగా, అదే మైకు ముందుకొచ్చి ‘అవకాశం తగ్గింది, అంకె ఇది’ అని చెప్పాలి. టెంట్లలో ఉన్న పగుళ్లిళ్ల వాళ్లను తిరిగి పంపేముందు ఆ ఇళ్లను ఇంజినీరుతో తనిఖీ చేయించాలి.